మెల్చోరా పలికిన రెండిళ్ళు

మా ఊళ్ళో ఎంతమంది ఉండేవాళ్ళని అడగడానికి ఏడాదికి ఒకరైనా నా కొట్టు దగ్గరికి వస్తారు. భుజానికి సంచి, చేతిలో మాటలు పట్టే పెట్టె, ముఖం నిండా జాలి. నేను వమాంగా పట్నం బజారులో ఉడికించిన మొక్కజొన్నలు అమ్ముకుంటాను. బేరాల వేళకే వస్తారు కాబట్టి విసుగ్గానే జవాబు చెబుతాను. మా అంకవాసిలో మనుషుల్ని లెక్కపెట్టే అలవాటు లేదయ్యా, పారలను లెక్కపెట్టేవాళ్ళం, ఇంటికొక పార అంటాను. ఇప్పుడెన్ని పారలున్నాయని అడుగుతారు. చివరిదాకా ఒక్కటి ఉండేది, అది మా పెద్దమ్మ మెల్చోరాది, ఆమె పోయాక నేనే తెచ్చుకున్నాను, అదిగో ఆ బస్తాల వెనక ఉంది అని చూపిస్తాను. పారను ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. మెల్చోరా ఎవరని మాత్రం ఒక్కరూ అడగరు.

అడగకపోయినా నేను చెబుతాను.

మెల్చోరా మా అమ్మకు అక్క. పెద్ద గొంతు మనిషి. గొర్రె దారితప్పి కొండకు అవతలివైపు పోతే ఇవతలి గట్టున నిలబడే తిట్టేది. ఆ తిట్లకు గొర్రె, సిగ్గుపడి గొర్రెల కాపరి, ఇద్దరూ వెనక్కి వచ్చేవాళ్ళని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. ఆమె మొగుడు జోసిమో నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళిలో ఫాదరు "నీకు ఇష్టమేనా" అని అడిగితే తల ఊపాడట. నోటితో చెప్పమంటే మెల్చోరానే "ఇష్టమేనంటాండాడు, రాసుకో ఫాదరూ" అన్నదట. జోసిమో గొంతు ఊరివాళ్ళకు వినిపించేది ఏడాదికి ఒక్కరోజే, కాలవ పండుగ రోజు.

వాళ్ళ ఇంటిని ఆనుకునే విదాల్ పరియోనా ఇల్లు. రెండిళ్ళకూ మధ్య ఒకటే మట్టిగోడ, ఆ గోడ అడుగున చిన్న కంత. కూర కోసం వంటింట్లో పెంచుకునే, కుందేలు పిల్లంత ఉండే గినీ పందులు ఆ కంతలోంచి ఈ ఇంటికీ ఆ ఇంటికీ తిరుగుతుండేవి. మా పంది మీ కుండలో పడిందని మెల్చోరా, మీ పంది మా గడ్డి తినే బలిసిందని విదాల్, తగవు పడని పండుగ లేదు. తగవు అయ్యాక ఆ పంది కూర రెండిళ్ళవాళ్ళూ కలిసే తినేవాళ్ళు. కంత మాత్రం ఎవరూ పూడ్చలేదు.

ఇక కాలవ సంగతి. పైన సరస్సులో పుట్టిన కాలవ ముందు మా ఊరి పైతూము దగ్గరికి వస్తుంది, అక్కడి నుంచి దిగువన తంకర్ ఊరికి పోతుంది. విత్తనం వేసే ముందు ప్రతి ఏడూ రెండూళ్ళ వాళ్ళూ టోపీలకు పూలు గుచ్చుకుని, మొక్కజొన్న కల్లు కుండలతో, వయొలిన్ వాయించేవాళ్ళతో పూడిక తీయడానికి వెళ్తారు. ఇంటికొక వంతు. వంతు పని అయ్యాక నీటిపెద్ద వెండిపొన్నుల కర్ర పట్టుకుని గట్టు మీద నడుస్తూ ఒక్కో ఇంటినీ పిలుస్తాడు. "జోసిమో ఇల్లు?" అంటాడు. పార పైకెత్తి "ఉంది" అనాలి. పలికిన ఇంటికి ఆ ఏడు నీళ్ళు. పలకని ఇల్లు పోయినట్టే, దాన్ని మళ్ళీ చేర్చాలంటే ఊరంతా కూర్చుని ఒప్పుకోవాలి. మనిషికి జబ్బు చేసినా, ఊళ్ళో లేకపోయినా పక్కింటివాళ్ళు పలకవచ్చు. అయితే ఒకరు తమ ఇంటికి కాక ఇంకొక్క ఇంటికే పలకాలి, అదీ మూడేళ్ళకు మించి కుదరదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఒక్క ఇంటి కోసం పైతూము తెరవరు. కనీసం రెండిళ్ళు పలికితేనే అది ఊరు. ఇది మాకు ఆ రోజుల్లో నవ్వులాట. అంత ఊళ్ళో రెండిళ్ళు పలకకుండా పోవడమేమిటని.

తర్వాత యుద్ధం వచ్చింది. ముందు కొండ మీంచి తుపాకులతో కొందరు వచ్చారు. సభ పెట్టి, పాటలు నేర్పి, మా ఊరిపెద్దను చర్చి ముందు చంపారు. ఆ వెనకే సైనికులు వచ్చి, కొండవాళ్ళకు అన్నం పెట్టారని మమ్మల్ని కొట్టారు. పెట్టకపోతే వాళ్ళు చంపుతారు, పెడితే వీళ్ళు చంపుతారు. ఈ సంగతి ఎంత విడమరచి చెప్పినా ఆ సంచీల వాళ్ళు, "మరి మీరు ఎవరి వైపు?" అని అడుగుతారు. చేతిలో గరిటె విసిరికొట్టాలనిపిస్తుంది.

ఆ ఏడు కాలవ పండుగ వద్దని కొందరన్నారు. వద్దంటే విత్తనం ఎట్లా? టోపీలకు పూలు గుచ్చుకుని వెళ్ళాం. నేను అప్పటికి పెళ్ళీడు పిల్లను. పూడిక తీయడం అయిపోయి, నీటిపెద్ద కర్ర పట్టుకునే వేళకు గట్టు పైన సైనికులు కనిపించారు. వాళ్ళ ఆఫీసరు సముద్రం వైపు మనిషి, మా భాష రాదు. ఏం చేస్తున్నారని దుభాషితో అడిగించి, పిలుపు సంగతి విని, కానివ్వమని చెయ్యి ఊపాడు. పేరు పిలిస్తే ఆ పేరు గలవాడే పలకడం అతనికి తెలిసిన పద్ధతి. మావాళ్ళు ఎప్పటిలాగే పారలు ఎత్తి గర్వంగా పలికారు. మా నాన్న కూడా పలికాడు. పలికినవాళ్ళలో కొందరిని సైనికులు ఒక పక్కకు నిలబెడుతూ వచ్చారు.

విదాల్ ఆ రోజు లేడు. తప్పిపోయిన ఆవును వెతుక్కుంటూ అవతలి లోయకు వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ గోడ మీంచి తొంగిచూసి "అన్నా, నా ఇంటికి రొంత పలుకు" అని జోసిమోకు చెప్పాడు. మేత దగ్గర తగాదాపడిన ఎవడో విదాల్ పేరు సైనికుల చెవిలో ఊదాడని మాకెవరికి తెలుసు?

"విదాల్ ఇల్లు?"

జోసిమో పార ఎత్తాడు. ఏడాదికి ఒకసారి వచ్చే ఆ గొంతుతో "ఉంది" అన్నాడు.

ఇద్దరు సైనికులు వచ్చి అతని రెక్కలు పట్టుకున్నారు. మెల్చోరా అడ్డం పడింది.

"ఆయన విదాల్ కాదు సామీ, నా మొగుడు. మాది పక్కిల్లు."

దుభాషి చెప్పాడు. ఆఫీసరు "మరి పలికాడు కదా" అన్నాడు. నువ్వు విదాల్‌వా కాదా అని జోసిమోనే అడిగించాడు.

జోసిమో కాదనలేదు. పలికిన మాట వెనక్కి తీసుకుంటే ఆ ఇంటికి నీళ్ళు పోతాయి. పైగా మూటలు మోయడానికి మగవాళ్ళను పట్టుకుపోయి, కొన్నాళ్ళకు వదిలేయడం అప్పటికి మామూలే. "ఆ ఇంటికి పలికింది నేనే" అన్నాడు. మెల్చోరా వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. "అరవబాకమ్మే. మూటలు మోయించుకొని వదిలేస్తారు. వాడు ఆవును తోలుకొని వచ్చేతలికి నీళ్ళు ల్యాకపోతే ఎట్ల?"

అదీ మావాళ్ళ తెలివి. మెడ మీద కత్తి ఉన్నా పక్కింటివాడి మడి తడిసిందా లేదా అని చూస్తారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు కోపమే వస్తుంది, ఎవరి మీద కోపమో మాత్రం తేలదు.

ఆఫీసరు మళ్ళీ చెయ్యి ఊపాడు. నీటిపెద్ద కర్ర పట్టుకుని ముందుకు నడిచాడు. తర్వాతి వంతు వాళ్ళదే. "జోసిమో ఇల్లు?" అన్నాడు. అవతల మొగుడి చేతులు వెనక్కి విరిచి కడుతున్నారు. మెల్చోరా వీపున శాలువాలో వాళ్ళ బిడ్డ గుక్కపెట్టింది. మెల్చోరా కింద పడిన పారను తీసి పైకెత్తి "ఉంది" అన్నది.

ఆ రోజు తీసుకుపోయినవాళ్ళలో ఒక్కడూ తిరిగి రాలేదు. జోసిమో రాలేదు, మా నాన్న రాలేదు. ఎక్కడ పూడ్చారో ఇప్పటికీ తెలియదు.

విదాల్ ఆవును తోలుకుని కొండ దిగుతుంటే ఎవరో ఎదురువెళ్ళి జరిగింది చెప్పారు. ఆవును అక్కడే వదిలేసి అటునుంచి అటే పారిపోయాడు. ఆ తర్వాత సైనికులకు మనుషుల్ని అప్పగించారని కొండవాళ్ళు ఊరి మీద పడ్డారు. ఆ వెనక ఇళ్ళు ఎవరు తగలబెట్టారో కూడా చెప్పలేం, ఎవరికి వారు అవతలివాళ్ళే అంటారు. మళ్ళీ విత్తనాల వేళకు ఊరు ఖాళీ. చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యాం. మా ఇల్లు ఆ ఏడు పలకలేదు కాబట్టి కాలవ లెక్కలోంచి పోయింది. అట్లా వరసగా అన్నీ పోయాయి.

బయలుదేరేటప్పుడు మా అమ్మ మెల్చోరా చెయ్యి పట్టుకు లాగింది.

"పదక్కా. ఈడ ఇంగ ఏముండాది?"

"కాలవ ఉండాది."

"కాలవ కూడు పెడతాదా నీకు?"

"వమాంగా పెడతాదా? సరే పో. పెడితే నాకూ రొంత పంపు."

ఆమె రాలేదు. జోసిమో తిరిగొస్తే ఇంట్లో పొయ్యి వెలుగుతూ కనపడాలన్నది. తుపాకుల చప్పుడు వినిపిస్తే కొండగుహలోకి పోయేది, ఆగితే దిగివచ్చి బంగాళాదుంపల మడిలో పని చేసుకునేది. ఆ గుహలోనే బిడ్డకు తట్టు పోసింది. మందూ మాకూ లేవు. బిడ్డను తీసుకొచ్చి కాలవ గట్టున తమ వంతు దగ్గరే పూడ్చింది. ఆ తర్వాత ఆమెను అక్కడి నుంచి కదిలించడం ఎవరి తరం కాలేదు.

పండుగ వచ్చినప్పుడల్లా రెండు వంతుల పూడిక తనొక్కతే తీసేది. తమ ఇంటికి ఒకసారి "ఉంది", విదాల్ ఇంటికి ఒకసారి "ఉంది". ఇంకొక్క ఇంటికే పలకవచ్చన్నప్పుడు మా ఇంటికి పలకకుండా విదాల్ ఇంటికే ఎందుకు పలికావని మా అమ్మ తర్వాత ఎప్పుడో నిష్ఠూరమాడింది. "మీ బావ దానికి పలికినాడు, నేను మానేస్తే ఆయన మాట ఏమైపోవాల?" అన్నది మెల్చోరా. రెండిళ్ళు పలికాయి కాబట్టి తంకర్ వాళ్ళు పైతూము తెరిచేవాళ్ళు. రెండు మడులు పచ్చగా ఉండేవి. అవి పచ్చగా ఉన్నన్నాళ్ళు అంకవాసి ఊరే, ఎవరైనా తిరిగి రావచ్చు, కూర్చుని మాట్లాడి ఒక్కో ఇంటినీ మళ్ళీ చేర్చవచ్చు. తూము మూస్తే ఇక రావడానికి ఏమీ ఉండదు. ఆమె బతుకంతా ఈ ఒక్క లెక్క మీదే నడిచింది.

మూడోసారి పలికాక నీటిపెద్ద ఆమెను పక్కకు పిలిచాడు. అప్పటికి ఆ కర్ర తంకర్ మనిషి దమాసో చేతిలో ఉంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పారిపోయినవాళ్ళు వచ్చిపడి తంకర్ కిటకిటలాడుతోంది, నీళ్ళు చాలడంలేదు.

"మూడేండ్లు అయిపాయె మెల్చోరక్కా. వచ్చే ఏడు విదాలే వచ్చి పలకాల. రాకుంటే తూము మూసేయాల్సిందే. నా మాట కాదిది, అందరి మాట" అన్నాడు.

దమాసో చెడ్డవాడు కాదు. అయ్యుంటే కథ చెప్పడం నాకు సులువయ్యేది.

ఆ పండుగకు ముందు ఒకరోజు పొద్దున్నే మెల్చోరా ఈ బజారులో దిగింది. టైరు చెప్పులు, నడుముకు కట్టిన తాడు, భుజాన ఉడికించిన దుంపల మూట. బుగ్గలు పీక్కుపోయాయి, గొంతు మాత్రం అదే. విదాల్ ఎక్కడని అడిగింది. నాకు తెలుసు. అతను మా వరసలోనే బస్తాలు మోస్తాడు, కాని మేనత్త కొడుకు కార్మెలో పేరుతో. తన పేరుతో ఎవరు పిలిచినా వెనక్కి తిరగడు. తీసుకువెళ్ళి చూపించాను.

"ఒరే విదాలూ" అన్నది.

అతను బస్తా కింద పడేశాడు. చుట్టూ చూశాడు. "ఆ పేరు ఈడ ఎత్తొద్దు వదినా. నేను కార్మెలోను."

"కార్మెలో ముక్కు వంకర గదరా. నీది తిన్నగానే ఉండాదే."

నేను నవ్వాను. అతను నవ్వలేదు. ముగ్గురం బస్తాల మీద కూర్చున్నాం. మెల్చోరా దుంపలు ఒలిచి అతని చేతిలో పెడుతూ కాలవ సంగతి చెప్పింది. అతను నేల చూపులు చూస్తూ విన్నాడు.

"నాతో కాదు వదినా. పేరు పిలిస్తేనే నాకు కాళ్ళు చల్లబడతాయి. బస్సోడు ఎవురినో విదాల్ అని పిలిచినా దిగిపోతాను."

నాకు ఒళ్ళు మండింది. "నీ బదులు మా పెదనాన్న పలికినాడు చిన్నాయనా. ఆయనకు కాళ్ళు ల్యావా, చల్లబడేదానికి?"

"నోరు మూయమ్మే ఇలారియా" అని మెల్చోరా నన్ను కసిరింది. "అది వీడి నెత్తిన పెట్టేదానికి నేను రాల్యా. వీడు ఆ పొద్దు ఉనింటే వీడే పోయింటాడు, అంతే గదా." మళ్ళీ అతని వైపు తిరిగింది. "ఒక్క మాట విదాలూ. మాట గూడా కాదు, ముక్క. అని మళ్ళీ ఈడికే వచ్చేయి. నీ మడి నేనే చూసుకుంటా. పండినేది పంపుతా."

విదాల్ దుంపను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. తర్వాత దాన్ని తిన్నాడు. మా దగ్గర అది ఒప్పుకున్నట్టే.

ఆమెను ఒంటరిగా పంపడానికి మనసు రాక నేనూ వెళ్ళాను. లారీ మమ్మల్ని తంకర్‌లో దించింది. అక్కడి నుంచి కొండ ఎక్కాలి. దారి పొడుగునా మెల్చోరా ముందు నడుస్తూ, ఉన్నట్టుండి వెనక్కి తిరగకుండానే "విదాల్ ఇల్లు?" అని పిలిచేది. మొదట అతను ఉలిక్కిపడ్డాడు. తర్వాత గొణిగాడు. "నీటిపెద్దకు చెవుడు, గట్టిగా" అనేది ఆమె. మలుపు దాటాక మళ్ళీ పిలిచేది. చివరికి "ఉంది, ఉంది, ఉంది వదినా, ఇంగ సాలు" అని అతను నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకూ ఆశ పుట్టింది.

ఊరు చూస్తే ఆ ఆశ నిలవలేదు. కప్పులు లేని గోడలు, పొయ్యిల్లో మొలిచిన అడవి ఆవాలు. మా ఇంటి గడపలో ముళ్ళతుప్ప. మెల్చోరా వెళ్తూ వెళ్తూ ప్రతి ఇంటి ముందూ ఒక మాట వదిలేది, మనుషులున్నట్టే. "ఏమబ్బా, ఇంగా లేయల్యా" అనేది ఒక చోట. "మీ కుక్కను కట్టేసుకోండి" అనేది ఇంకో చోట. విదాల్ తన ఇంట్లోకి పోయి గోడ దగ్గర కూలబడ్డాడు. కంత అట్లాగే ఉంది. దానికి అవతల మెల్చోరా వంటింట్లో ఒక గినీ పంది కిచకిచలాడుతోంది. "తిరిగొస్తావని నీ దిక్కు గడ్డి వేస్తాండా, తిని బలిసింది" అన్నది ఆమె.

పండుగ పొద్దున ముగ్గురం పూడిక తీశాం. విదాల్ ఒంట్లో పాత పని అంతా తిరిగివచ్చింది, మా ఇద్దరికంటే ముందే తన వంతు ముగించి మెల్చోరా వంతులో దిగాడు. బిడ్డను పూడ్చిన చోట పార మెల్లగా వేశాడు. మెల్చోరా అతని టోపీకి ఎర్రపూలు గుచ్చింది.

తంకర్ వాళ్ళు వయొలిన్‌తో వచ్చారు. దమాసో వచ్చాడు. వాళ్ళ వెనక ఇద్దరు సైనికులు కూడా వచ్చారు. తంకర్‌లో శిబిరం ఉంది, పండుగ కదా, కల్లు తాగడానికి వచ్చారు. మీసాలు కూడా సరిగా రాని కుర్రాళ్ళు. రాతిగోడ మీద కూర్చుని వేయించిన మొక్కజొన్నలు నములుతున్నారు. విదాల్ వాళ్ళను చూశాడు. అతను చూడటం నేను చూశాను.

పిలుపు పైనుంచి మొదలవుతుంది. పైతూము దగ్గర మిగిలినవి మా రెండిళ్ళే. ఆ సారి దమాసో జోసిమో ఇంటిని ముందు పిలిచాడు.

"జోసిమో ఇల్లు?"

మెల్చోరా పార ఎత్తేలోపలే విదాల్ ఎత్తాడు. "ఉంది" అన్నాడు. కొండ మారుమోగింది. వయొలిన్ ఆగిపోయింది. మెల్చోరా పార సగంలోనే ఆపి అతని వంక చూసింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు. అంత గట్టిగా ఆ ఇంటికి పలికింది జోసిమో తర్వాత ఇతనే. అక్కడున్న ఆడవాళ్ళు కొందరు ముక్కు చీదుకున్నారు. ఇంకేం, గండం గడిచిందనుకున్నాను.

"విదాల్ ఇల్లు?"

విదాల్ చేతిలో పార ఉంది. అది పైకి లేవలేదు.

"విదాల్ ఇల్లు?" అన్నాడు దమాసో మళ్ళీ, కొంచెం మెత్తగా.

గోడ మీది కుర్రాళ్ళలో ఒకడు నమలడం ఆపి ఇటు తిరిగాడు. వాడికి ఏమీ తెలియదు, ఊరికే తిరిగాడు. విదాల్ నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు.

"ఉంది నీటిపెద్దయ్యా, విదాల్ ఇల్లు ఉంది" అన్నది మెల్చోరా.

"నీ మూడేండ్లు అయిపాయె గదక్కా. ఆయప్పనే అననీ."

"అంటాడు. రొంత ఆగు. అనరా విదాలూ. దారిలో అన్న్యావు గదా."

తంకర్ వాళ్ళలో ఎవరో వెనక నుంచి అన్నారు. "అసలు ఈయప్ప విదాలేనా? ఎవురినో ఒకర్ని బజారునుంచి పట్టుకొచ్చిందేమో."

దమాసో అతని ముందుకు వచ్చి నిలబడ్డాడు. "నువ్వు విదాల్ పరియోనావేనా?"

ఇద్దరు కుర్రాళ్ళూ ఇప్పుడు ఇటే చూస్తున్నారు.

"కాదు" అన్నాడు విదాల్. "నేను కార్మెలోను."

దమాసో కర్రతో నేల మీద కొట్టి, "విదాల్ ఇల్లు లేదు" అన్నాడు. అది అనవలసిన మాట, అన్నాడు. నలుగురు మగవాళ్ళు పైతూములోకి దిగి పెద్ద బండను దొర్లించారు. మా పిల్లకాలవలో మిగిలిన నీళ్ళు కాసేపు కదిలి, మట్టిలో ఇంకిపోయాయి. నేను దమాసో చొక్కా పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. అతను తిట్లన్నీ పడ్డాడు, తుడుచుకోలేదు. నీళ్ళు కావలసిన ఇళ్ళు అతని వెనక అన్ని ఉన్నాయి.

అందరూ దిగువకు పోయాక విదాల్ గట్టు మీద బోర్లా పడి ఏడ్చాడు. చచ్చిపోతానన్నాడు. మెల్చోరా మూట విప్పి దుంపలు బయట పెట్టింది.

"లేయ్. తిను. ఆ పొద్దు మీ అన్నను అడిగినారు, కాదు అనింటే బతికేటోడు. అనల్యా. నిన్ను అడిగినారు, నువ్వు అన్న్యావు. బతుకు మరి."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, అదే నాకు ఎక్కువ భయం వేసింది. విదాల్ ఆ సాయంత్రమే దిగిపోయాడు. ఆ తర్వాత అతన్ని వమాంగాలోనూ చూడలేదు. కార్మెలో పేరూ వదిలేసి ఇంకో పేరు పెట్టుకున్నాడని అంటారు.

ఆ ఏడు చిక్కుళ్ళు జానెడు లేచి మాడిపోయాయి. మెల్చోరా కాలవ నుంచి తాగడానికి కుండతో ముంచుకోవచ్చు, దానికి అడ్డు లేదు. మడికి పెట్టకూడదు. మడి పక్క నుంచే నీళ్ళు పోతుంటే చూస్తూ కూర్చోవడం ఎట్లా ఉంటుందో నేను చెప్పలేను. వచ్చేయమని కబురు పంపాను. రాలేదు.

మళ్ళీ పండుగకు నేనే వెళ్ళాను, ఎట్లాగైనా వెంటబెట్టుకు రావాలని. వెళ్ళేసరికి టోపీకి పూలు గుచ్చుకుని కాలవలో ఉంది. తమ వంతు తీసింది, విదాల్ వంతు తీసింది. ఎందుకని అడగలేకపోయాను. తీసి, పార పక్కన నిలబెట్టుకుని గట్టు మీద నిలబడింది. తంకర్ వాళ్ళు వచ్చారు. దమాసో తల వంచుకుని మా ముందు నుంచి నడిచి వెళ్ళిపోయాడు. ఏ ఇంటినీ పిలవలేదు, పిలవడానికి లేదు.

అప్పుడు మెల్చోరా తనే పిలిచింది. గొర్రెలను తిట్టే ఆ గొంతుతో. "జోసిమో ఇల్లు?" పార ఎత్తి తనే "ఉంది" అన్నది. "విదాల్ ఇల్లు?" "ఉంది." అక్కడితో ఆగలేదు. పైనుంచి కిందిదాకా, కాలిపోయినవి, కూలిపోయినవి, ఎప్పుడో పోయినవి, ఒక్క ఇంటినీ వదలకుండా పిలుస్తూ, పలుకుతూ, గట్టు వెంట నడుచుకుంటూ వచ్చింది. దిగువన తంకర్ వాళ్ళు ఆగి నిలబడిపోయారు. దమాసో టోపీ తీశాడు. గొంతు పూడుకుపోతున్నా ఆమె ఆపలేదు.

నా దగ్గరికి వచ్చి మా నాన్న పేరు పిలిచింది. తను పలకలేదు. పార నా చేతికి ఇచ్చి ఆగింది.

"ఉంది" అన్నాను.

నీళ్ళు మా ముందు నుంచి తంకర్‌కు పోతూనే ఉన్నాయి.